రోడ్డు పని దగ్గర ఎర్రదీపం

మా నాన్న రోడ్డు గ్యాంగులో మేస్త్రీ. తవ్విన చోట ఖాళీ తారు డబ్బాలకు సున్నం పట్టీలు వేయించి, ఇసుక నింపి అడ్డం పెట్టించేవాడు. చీకటి పడేసరికి ఎర్రద్దాల లాంతర్లు వెలగాలి. కిరసనాయిలు పోయడం, మసి తుడవడం రాత్రి కాపలావాడి పని. గాలికి ఒక్కటి ఆరినా నాన్న ఊరుకునేవాడు కాదు. ఆ పట్టుదల సరైనదే.

1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి పనిచోట పెట్టే వేగ ఆంక్ష నెలకు మించకపోతే గెజిట్ ప్రకటన అక్కర్లేదు. బోర్డు మాత్రం ఉండాల్సిందే. పనిచోట్ల భద్రతకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2001లో మార్గదర్శకాలు తెచ్చి, 2014లో సవరించింది.

పని ముగిసిన సాయంత్రమే ఆ వేగ ఆంక్ష బోర్డు తీసేయించాలని గట్టిగా అంటాను. వదిలేసిన బోర్డులు చూసి చూసి డ్రైవర్లు అసలైనదాన్నీ లెక్కచేయడం మానేస్తారు.