అమృతము నన్వేషించిన వీరులు



సందెవేళ అరుగుమీఁదఁ గూర్చుండి భారతము విన్నవారికి గరుత్మంతుని కథ క్రొత్తది కాదు. తల్లియగు వినత దాస్యమును బాపుటకై యాతఁడు స్వర్గమునకుఁ బోయి, దేవతలను గెలిచి, అమృతకలశమును దెచ్చి దర్భలపై నిలిపెను. పాములు స్నానము చేసి వచ్చునంతలో ఇంద్రుఁడు దానిని గొనిపోయెను. ఆశ చావక దర్భలను నాకఁగా పాముల నాలుకలు చీలెను. ఈ కథను నన్నయభట్టు మన రాజమహేంద్రవరముననే తెలుఁగు చేసెను. దీనికి దూరపుబంధువు వంటి కథ యొకటి పడమటి దేశమునఁ గలదు. దానిని నేఁడు మనవి చేసెదను.

ఇరాకు దేశములో టైగ్రీసు, యూఫ్రటీసు అను రెండు నదులు కలవు. మన గోదావరివలెనే అవియు ఒండ్రుమట్టిని దెచ్చి పొలములు పండించును. ఒక్కొకప్పుడు ఊళ్లను ముంచును. అక్కడి పూర్వులు తాటియాకులకు మాఱుగా తడిమట్టి పలకలపై మేకులవంటి యక్షరములు వ్రాసిరి. నినెవె నగరమున అషూర్‌బనిపాల్ అను రాజు అట్టి పలకలతో గొప్ప గ్రంథాలయమును గూర్చెను. క్రీ. పూ. 612లో ఆ నగరము నాశనము కాఁగా పలకలన్నియు మట్టిలోఁ గలిసెను. పందొమ్మిదవ శతాబ్దిలో వానిని త్రవ్వి లండను నగరమునకుఁ జేర్చిరి. నోట్ల అచ్చుపలకలు చెక్కు పనితో జీవితము నారంభించిన జార్జి స్మిత్తు 1872లో వానియందు జలప్రళయ కథను జదివి లోకమునకుఁ దెలిపెను. అది గిల్గమేషు అను వీరుని కావ్యములోని భాగము.

గిల్గమేషు ఉరుక్ అను నగరమునకు రాజు. రెండు పాళ్లు దేవత, ఒక పాలు మనుష్యుఁడు. బలగర్వముచేఁ బ్రజలను బాధింపఁగా, దేవత లాతనికి సమానుఁడైన ఎంకిడు అను అడవిమనిషిని సృజించిరి. ఇరువురును బోరి, పిదప ప్రాణమిత్రులైరి. పేరు నిలువవలెనని దేవదారువనమునకుఁ బోయి, దానిని గాచుచున్న హుంబాబాను జంపిరి. అంతట దైవకోపమున ఎంకిడు రోగపడి మరణించెను. మిత్రుని ముక్కునుండి పురుగు రాలువఱకు, ఏడు రాత్రులు, రాజు శవమును విడువలేదు. మన శ్మశానవైరాగ్యము ఇంటికి వచ్చి స్నానము చేయుటతోఁ దీఱును. ఆతనికిఁ దీఱలేదు. ఎన్నఁడును భయ మెఱుగని వీరుఁడు తన చావును దలఁచుకొని భయపడెను.

ప్రళయమునుండి బయటపడి అమరత్వము నందిన ఉత్నపిష్టిము అను వృద్ధుని వెదకుచు గిల్గమేషు సముద్రము దాఁటెను. “ఆఱు పగళ్లు, ఏడు రాత్రులు నిద్రపోకుండుము” అని వృద్ధుఁడు పరీక్ష పెట్టెను. కూర్చున్నవాఁడు కూర్చున్నట్లే నిద్రపోయెను. వృద్ధుని భార్య దినమున కొక రొట్టె కాల్చి తలయొద్ద నుంచెను. మేల్కొని చూచునప్పటికి మొదటి రొట్టె యెండిపోయి యుండెను. నిద్రనే గెలువలేనివాఁడు మృత్యువు నెట్లు గెలుచును? జాలిపడి, సముద్రగర్భమున ముసలితనమును బోఁగొట్టు మూలిక కలదని వృద్ధుఁడు చెప్పెను. కాళ్లకు రాళ్లు గట్టుకొని మునిఁగి, రాజు దానిని దెచ్చెను. త్రోవలో చల్లని కొలనునందు స్నానమునకు దిగఁగా పాము వచ్చి మూలికను గొనిపోయి కుబుసము విడిచెను.

ఇచటను స్నానమే, అచటను స్నానమే. రెంటను పాము, రెంటను చేజాఱిన యమృతము. ఇంతమాత్రమున నొకరి కథను మఱియొకరు గైకొనిరని చెప్పఁజాలము. భేదమును గూడఁ జూడవలెను. గరుత్మంతుఁడు కలశము చేతనుండియు ఒక్క చుక్క రుచి చూడలేదు. ఆ నిస్పృహకు మెచ్చి విష్ణువు అమృతము త్రాగకయే జరామరణములు లేని వరము నొసఁగెను. గిల్గమేషు భయముతో బయలుదేఱెను. ఉత్తచేతులతోఁ దిరిగివచ్చి, వెంటనున్న పడవవానికి తన నగరపు ఇటుకల కోటగోడను జూపెను. తాను పోయినను పదిమందిని గాచున దదియే.

మన రాజమహేంద్రవరమున 1022లో పట్టాభిషిక్తుఁడైన రాజరాజనరేంద్రుని మేడలు నేఁడు లేవు. ఆయన వ్రాయించిన భారతము కలదు. నన్నయ యరణ్యపర్వము నడుమనే విడిచెను. పదుమూఁడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వమునుండి నడపెను. పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన మిగిలినదానిని బూరించెను. మువ్వురి జీవితములు గలిసి యొక గ్రంథమైనది.

గిల్గమేషు కథ సుమారు రెండువేల యేండ్లు మట్టిలో మూగయై యుండెను. ఆ లిపిని జదువువారు లేకపోవుటయే కారణము. భారతమును ద్రవ్వి తీయవలసిన పని కలుగలేదు, ఊరూరను జదువువారుండిరి. పెద్దలారా! అరుగుమీఁది చదువు ఆఁగిపోయినచో, మట్టి కప్పకయే ఈ గ్రంథమును మూగయగును. ఈ సాయంకాలము మనుమని బిలిచి ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని గరుత్మంతుని కథ చదివింపుఁడు.