జంగిల్ కార్బైన్ పొట్టి బ్యారల్

అడవి యుద్ధానికి పొడవాటి రైఫిల్ అడ్డమని బ్రిటిష్ వాళ్ళు 1944లో 303 జంగిల్ కార్బైన్ తీసుకొచ్చారు. నంబర్ 4 రైఫిల్ బ్యారల్ 25 అంగుళాలు, దీనిది 19 లోపే. రౌండు మాత్రం అదే. రైఫ్లింగ్ కూడా మారలేదు, 10 అంగుళాలకు ఒక చుట్టు. ఆ గాడులు బుల్లెట్‌ను బొంగరంలా తిప్పి నిలకడగా పంపిస్తాయి గానీ వేగం ఇచ్చేది వెనక నుంచి నెట్టే గ్యాస్. బ్యారల్ ఆరంగుళాలు తగ్గేసరికి ఆ నెట్టుడూ తగ్గింది. మిగిలిన గ్యాస్ మూతి దగ్గర మంటగా వచ్చింది. రాత్రి పూట ఆ మంటే శత్రువుకు మన జాడ చెబుతుంది! అందుకే గరాటులాంటి ఫ్లాష్ హైడర్ పెట్టారు. తేలిక తుపాకి కనుక భుజానికి దెబ్బా ఎక్కువే. జీరో నిలవడం లేదన్న ఫిర్యాదులొచ్చి 1947లో తయారీ ఆపేశారు.

మరి మన కాన్పూర్ 9 ఎంఎం కార్బైన్ బ్యారల్ 8 అంగుళాలైనా లేదు కదా అని కుర్రాళ్ళు అడిగేవారు. అది పిస్టల్ రౌండు, మందు కొంచెం, త్వరగా కాలిపోతుంది. 100 గజాల లోపు పోరుకు ఆ గొట్టం చాలు.