ఎమిరేట్స్‌లో ఎడారి బండ్ల బాగోగులు

ఇప్పుడు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌గా పిలుస్తున్న నేల మీద 1960ల దాకా ఊరికీ ఊరికీ మధ్య తారు రోడ్డు లేదు. దుబాయ్ నుంచి అబుదాబికి వెళ్లాలంటే సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని తడి ఇసుక మీదుగా, లేదా సబ్ఖా అనే ఉప్పు పర్రల మీదుగా పోవాలి. లోపలి బురైమీ ఒయాసిస్సుకు దారి ఇసుక తిన్నెల మధ్యనుంచే. ఒంటె రాజ్యం చేసిన ఆ దారుల్లోకి ఇంజిను బండి రావడానికి గుర్తుంచుకోదగ్గ ఏడాది 1948. ఆ మార్చిలో ఆంగ్ల యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిగర్ రుబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద రెండోసారి దాటి అబుదాబి చేరాడు. ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో మొదటి ల్యాండ్ రోవర్ జనం ముందుకొచ్చింది. థెసిగర్‌కు మోటారు బండంటే గిట్టదు. ఆయన ఇష్టాయిష్టాలతో పని లేకుండానే పదేళ్లు తిరిగేసరికి ఆ దారుల మీద బండ్ల చక్రాల గాళ్లు పడ్డాయి.

బండ్లను తెచ్చినవాళ్లు ముఖ్యంగా రెండు రకాలు: సైన్యం, చమురు కంపెనీ. 1951లో షార్జాలో బ్రిటిష్ వాళ్లు ట్రూషియల్ ఒమన్ లెవీస్ దళాన్ని ఏర్పాటు చేశారు. 1956లో దాని పేరు ట్రూషియల్ ఒమన్ స్కౌట్స్‌గా మారింది. ల్యాండ్ రోవర్లు, బెడ్‌ఫర్డ్ లారీలు దాని వాహనాలు. 1955 అక్టోబరులో బురైమీ నుంచి సౌదీ బలగాన్ని వెళ్లగొట్టింది ఈ దళమే. ఇంకోవైపు పెట్రోలియం డెవలప్‌మెంట్ (ట్రూషియల్ కోస్ట్) కంపెనీ చమురు కోసం ఎడారి గాలిస్తూ బండ్లూ, వాటితో పాటు రిపేరు మనుషులనూ దింపింది. ఈ ప్రాంతంలో ఎడారి బండికి పద్ధతి ప్రకారం సంరక్షణ జరగడం ఈ రెండు చోట్లే మొదలైందనుకోవచ్చు.

ఆ పద్ధతిలో చాలా భాగం అప్పటికే మరో ఎడారిలో తేలిన విషయం. 1920ల చివర, 1930ల్లో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే సైనికాధికారి ఈజిప్టు, లిబియా ఇసుకలో ఫోర్డు కార్లు నడిపాడు. టైర్లలో గాలి తగ్గిస్తే బండి ఇసుక మీద తేలుతుందని, రేడియేటర్ నుంచి పొంగే ఆవిరిని పక్కనే ఉన్న డబ్బాలోకి మళ్లించి చల్లబరిస్తే నీళ్లు వృథా కావని అనుభవం మీద నేర్చుకున్నాడు. కైరోలోని ఒక పాతసామాను దుకాణంలో దొరికిన ఉక్కు పలకలను, కూరుకుపోయిన చక్రాల కింద వేయడానికి వాడాడు. 1940లో ఆయనే పెట్టిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ ఇదంతా యుద్ధంలో ఉపయోగించింది. ఎడారి బండ్లకు కట్టిన ఇసుక పలకలకూ, గాలి తీసి నడిపే అలవాటుకూ మూలం అక్కడుంది.

బండి తయారీదారు చిన్న పుస్తకంలో ఇన్ని మైళ్లకు ఈ పని అని రాసి ఉంటుంది. ఎడారిలో ఆ లెక్క చెల్లదు. పాత ల్యాండ్ రోవర్‌కు గాలి శుభ్రపరిచేది నూనె తొట్టి. ధూళి నిండిన గాలి నూనె ముఖం తాకి మలుపు తిరిగేటప్పుడు బరువైన రేణువులు నూనెలో దిగిపోయి, మిగిలిన గాలి ఇంజిన్లోకి పోతుంది. ధూళి బాగా ఉంటే ఆ నూనెను రోజూ చూడాలి, బురదగా మారితే తీసేసి కొత్తది పోయాలి. ఈ ఒక్క పని ఎగ్గొడితే తర్వాత ఎన్ని పనులు చేసినా లాభం లేదు. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు సిలిండరు ఇనుము కంటే గట్టిది. లోపలికి పోతే లైనరు మీద గీతలు పడతాయి, రింగులు అరుగుతాయి, ఇంజిన్ నూనె తాగుతుంది. తరువాతి పని గ్రీజు. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు, కమాను పట్టీల పిన్నులకు గన్నుతో గ్రీజు కొట్టి పాతది బయటికొచ్చేదాకా ఆగాలి, ఒలికినదాన్ని తుడిచెయ్యాలి. తుడవని గ్రీజు ఇసుకను పట్టి ఉంచి జాయింటునే అరగదీస్తుంది. ముందు చక్రాలు తిరిగే గుండ్రటి హౌసింగులలో గేర్ ఆయిల్ తగ్గిందా అన్నదీ చూడాల్సిందే. వెనక హాఫ్ షాఫ్టు తట్టుకోలేక విరగడం ఆ తరం ల్యాండ్ రోవర్లకు ఉన్న లోపం. అందుకే దూర ప్రయాణాలకు బయలుదేరేవాళ్లు ఒకటి అదనంగా వెంట పెట్టుకునేవారు.

ఇసుక కంటే మెల్లగా చంపేది ఉప్పు. సబ్ఖా పైకి చూడ్డానికి గట్టి నేల, అడుగున ఉప్పు బురద. దాటిన బండి కింద తెల్లటి పొర కడుతుంది. యుద్ధానంతర ఉక్కు కొరతవల్ల ల్యాండ్ రోవర్ బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేశారు, అందువల్ల పైభాగం బాగానే నిలిచేది. ఛాసిస్ మాత్రం ఉక్కు. కడగకుండా వదిలేసిన బండిని తుప్పు లోపలినుంచి తినేసేది. హజర్ కొండల వాగుల్లో సమస్య ఇంకొకటి. వేడెక్కిన యాక్సిల్ హౌసింగు చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుని సీలు గుండా నీటిని పీల్చుకుంటుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా మారిందంటే నీరు చేరినట్టు, అప్పుడది మార్చక తప్పదు. లోతు నీళ్లు దాటేముందు క్లచ్ హౌసింగు రంధ్రానికి బిగించడానికి ల్యాండ్ రోవర్‌తో ప్రత్యేకంగా ఒక ప్లగ్గు వచ్చేది, దాటాక మళ్లీ తీసేయాలి.

1962లో అబుదాబి చమురు ఎగుమతి మొదలైంది, 1966 ఆగస్టు 6న షేక్ జాయెద్ పాలకుడయ్యాడు. ఆ దశాబ్దం ముగిసేలోగా ముఖ్యమైన దారులకు తారు పడసాగింది. 1955లోనే అల్ ఫుత్తైమ్ సంస్థ టయోటా ఏజెన్సీ తీసుకుంది. బ్రిటిష్ బండికి జపాను ల్యాండ్ క్రూజర్ పోటీగా నిలవడానికి కారణం రంగూ రూపూ కాదు. అప్పటి ల్యాండ్ రోవర్ పెట్రోలు ఇంజిన్ 2.25 లీటర్ల నాలుగు సిలిండర్లది. ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40కి ఉన్నది 3.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, తక్కువ వేగంలోనే లాగే రకం. ఇసుకలో అదే కావాలి. ఇంజిన్ సునాయాసంగా లాగితే వేడి తగ్గుతుంది, క్లచ్ ప్లేటు ఎక్కువ రోజులు వస్తుంది. ఇది నడిపేవాడి కంటే ముందు మెకానిక్‌కు అర్థమయ్యే తేడా.

1973లో చమురు ధర పెరిగాక మిలిటరీ షెడ్డుల పని చాలావరకు ప్రైవేటు గ్యారేజీలకు వచ్చింది. వాటికి సనయ్య అనే పారిశ్రామిక వాడలు ఏర్పడ్డాయి: అబుదాబి పక్కన ముసఫ్ఫా, షార్జా ఇండస్ట్రియల్ ఏరియా, దుబాయ్‌లో అల్ ఖూజ్, రాస్ అల్ ఖోర్. పనివాళ్లు పాకిస్తాన్, కేరళవాళ్లు, ఆ తర్వాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్లూ, కడప, గోదావరి జిల్లాలవాళ్లూ. మెకానిక్‌ను ఉస్తాద్ అని పిలిచే ఈ షెడ్డుల్లో మాట హిందీ ఉర్దూ కలగలుపు, మధ్యమధ్య మలయాళం, అరబ్బీ. హెల్పరుగా చేరి పానాలు అందిస్తూ పని నేర్చుకోవడమే చదువు. వాడిన విడిభాగాలకు షార్జా పేరున్న చోటు.

దారులకు తారు పడ్డాక ఎడారిలోకి పోవడం అవసరం కాస్తా సరదా అయింది. 1991లో ర్యాలీ డ్రైవర్ మొహమ్మద్ బిన్ సులాయెమ్ చొరవతో యూఏఈ డెజర్ట్ ఛాలెంజ్ పోటీ మొదలైంది. చలికాలం వారాంతాల్లో తిన్నెలెక్కడం అలవాటుగా మారింది, లివా ఒయాసిస్సు దగ్గర సుమారు 300 మీటర్ల ఎత్తున్న తల్ మొరీబ్ తిన్నె మీద పోటీలు జరుగుతున్నాయి. పని కూడా మారింది: రోజువారీ గ్రీజు, నూనె తొట్టి పోయి, వెళ్లేముందు, వచ్చాక అన్న రెండు పూటల పనిగా మిగిలింది. ఇసుక అంచున టైరులో గాలి 15 పీఎస్‌ఐకి అటూఇటూగా దించుతారు. మరీ దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. తిరిగి రోడ్డెక్కేముందు కంప్రెసర్‌తో నింపకుండా వేగంగా పోతే టైరు పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. ఇంటికొచ్చాక అడుగు భాగం కడగడం, కాగితం ఫిల్టరు దులపడం లేదా మార్చడం, రేడియేటర్ సందుల్లోని ఇసుక ఊదడం. ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్సు నూనె ఇసుకలో విపరీతంగా కాగుతుంది. పాతతరం మెకానిక్ క్లచ్ మీద పెట్టిన కన్ను ఇప్పుడు ఈ నూనె మీద పెట్టాలి.

2010 ఫిబ్రవరిలో నిస్సాన్ తన కొత్త ప్యాట్రోల్ (Patrol) మోడల్ బండిని ప్రపంచానికి మొదట చూపింది అబుదాబిలోనే, 2024 సెప్టెంబరులో దాని తరువాతి తరాన్నీ అక్కడే. ఎడారి కొనుగోలుదారుకు కంపెనీల దగ్గరున్న విలువ అది. కొన్న బండికి మూడేళ్లు నిండాక ఏటా రిజిస్ట్రేషన్ పరీక్ష ఉంటుంది, గల్ఫ్ తెలుగువాళ్లు దాన్ని పాసింగ్ అంటారు. ఆ పరీక్షలో బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ చూస్తారు. గాలి ఫిల్టరులో ఎంత ఇసుక ఉందో, యాక్సిల్ నూనెలో నీళ్లు చేరాయో లేదో చూడటం యజమాని పనే.