ఫైలు నడుమ కోరిన చోటు

చెన్నపట్టణమున గిండీ అడవి నానుకొని, పశ్చిమ జర్మనీ సాయముతో 1959లో వెలసిన ఐ.ఐ.టి.కి 1973లో ఐ.బి.ఎం. 370/155 గణనయంత్రము వచ్చెను. ఆ యంత్రముయొక్క వేగమును పలువురు ప్రస్తుతింతురు గాని, నా యెఱిగినంతలో అంతకంటె మేలైన మార్పు వేఱొకటి కలదు: సమాచారరాశి నడుమ కోరిన చోటికి సూటిగా పోగలుగుట.

1960వ దశకమున గిండీ ఇంజనీరింగు కళాశాల ఆవరణమున ఐ.బి.ఎం. 1620 పనిచేసిన కాలమున కార్డులదే రాజ్యము. 80 నిలువు వరుసలుగల అట్టముక్కలపై రంధ్రములు పొడిచి, పంక్తికొక కార్డుగా పేర్చిన కట్టను యంత్రమున కందించినచో, అది మొదటినుండి వరుసగా చదువుకొనుచు పోవునే గాని, 500వ కార్డొక్కటే కావలెనన్నను ముందున్న 499 కార్డులను దాటక తప్పదు. అయస్కాంతపు టేపు ఎంత వేగమైనదైనను దాని త్రోవయు నిదియే. అయితే అంతకుమునుపే, 1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన డిస్కుయంత్రమగు రామాక్‌లో, గిరగిర తిరుగు 50 పళ్లెరముల నడుమ ఒక లోహపు చేయి కదలి, కోరిన వలయముపై నిలుచుటతో ఆ నిర్బంధము సడలెను. 370 చెన్నపురికి వచ్చునాటికి ప్రోగ్రాములు కార్డులపైననే వచ్చుచున్నను, ఫైళ్లు డిస్కులపై నిలుచుచుండెను.

ఆ చేతి కదలికను ఒక సంఖ్యగా మార్చిన వ్యవస్థలలో 1971 నాటి యూనిక్స్ అను నిర్వాహక వ్యవస్థ యొకటి. అందు ఫైలనగా బైట్ల వరుస మాత్రమే. చదువవలసిన లేక వ్రాయవలసిన స్థానము, మొదటి బైటును సున్నగా నెంచి ఎన్నవ బైటో తెలుపు సంఖ్య. 80 బైట్ల పంక్తులుగల ఫైలున 500వ పంక్తి కావలెనన్నచో, 499ని 80చే గుణించి 39,920వ స్థానమునకు జరిపిన చాలును. అయితే నాటి సంఖ్య 16 బిట్లది. 65,535కు మించలేదు గనుక, అట్టి పంక్తులు 819 మాత్రమే దాని కందును. ఆ కొఱతను తీర్చుటకు 512 బైట్ల దిమ్మెలుగా లెక్కించు ఉపాయము పన్నిరి. 1979 నాటి ఏడవ కూర్పున ‘ఎల్‌సీక్’ అను ఆజ్ఞ పెద్ద సంఖ్యను స్వీకరించుటతో ఆ చిక్కు తీఱెను. లెక్క ఫైలు మొదలునుండి యైన 0, ఉన్నచోటునుండి యైన 1, చివరనుండి యైన 2 అని ఆ ఆజ్ఞకు తెలుపు పద్ధతి నేటికిని చెక్కుచెదరలేదు.

చెన్నపట్టణమున పాత మహాబలిపురము రోడ్డుననున్న సాఫ్ట్‌వేరు కార్యాలయములలో నేడు ఎందరో తెలుగు యువకులు ఈ ఆజ్ఞను నిత్యము వాడుచున్నారు. నాటి కార్డుకట్టలుగాని టేపులుగాని మీ పెద్దలయిండ్ల మిగిలియున్నచో, దయయుంచి పారవేయక ఏదేని విద్యాసంస్థకు అప్పగింపుడు.