ఊరి నోటనున్న చరిత్ర



మీ గ్రామములలో ప్రతిదానికిని ఒక చరిత్ర కలదు. చెరువు నెవరు కట్టించిరి, గ్రామదేవత గుడి ఏ కాటకమునకు పిమ్మట వెలసినది, పాత ఊరు పాడుపడి కొత్త ఊరు ఎందులకు ఏర్పడినది, ఈ సంగతులు మీకు తెలియును. మీ తాత మీ తండ్రికి చెప్పెను, మీ తండ్రి మీకు చెప్పెను. కాని వానిలో పెక్కు ఏ పుస్తకములోను లేవు. ఈ నోటి చరిత్రను గూర్చియు, దానిని వ్రాసికొనుటకై విశ్వవిద్యాలయములనుండి మీ గుమ్మమునకు వచ్చు విద్యార్థులను గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేయుదును. మొదట నా తప్పొకటి చెప్పుకొని, పిదప చరిత్రలోనికి పోయెదను.

నేను విద్యార్థిగా నున్న దినములలో రాయలసీమలోని యొక పల్లెకు పోతిని. ఆ యూరి చెరువునకు ఎనుబదేండ్ల నీరుగంటి యొకడుండెను. ఆయన మూడు దినములు నన్ను కట్టమీద కూర్చుండబెట్టుకొని చెరువు కథ యంతయు చెప్పెను. నీరు తక్కువైన యేట ఏ తూము ముందు తీయవలెనో, ఏ పొలమునకు ఎన్ని నాళ్ల వంతో, ఏ మడవ మూసి యుంచవలెనో వేళ్లు మడిచి లెక్కచెప్పెను. నేను వ్రాసికొంటిని. ఆ వ్రాతతో నా వ్యాసము పూర్తియైనది, పట్టము వచ్చినది. నోటుపుస్తకము పెట్టె యడుగున పడినది.

పండ్రెండేండ్ల తరువాత వేరొక పనిమీద ఆ దారిని పోవుచు ఊరిలో దిగితిని. వృద్ధుడు గతించి చాలకాలమైనది. ఆయన మనుమడు నన్ను గుర్తుపట్టి, "మా తాత చెప్పింది రాసుకుంటివి గదా సామీ, అది యాడుండాది?" అని యడిగెను. ఆ యేడు చెరువు సగమే నిండినది. ఎగువపల్లెకును దిగువపల్లెకును నీటి వంతు విషయమున తగవు పడినది. తాత చెప్పిన లెక్క పూర్తిగా ఎవరికిని జ్ఞాపకము లేదు. నేను తలవంచుకొని నిలిచితిని.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. విచారింపగా అది నాకొక్కనికే తగిలినది కాదనియు, మన దేశమున రెండువందల యేండ్లుగా ఉన్న ప్రశ్నయే యనియు తెలిసినది.

కైఫీయత్తులను గూర్చి మీలో పలువురు వినియుందురు. కర్నలు కాలిన్ మెకంజీ యను స్కాట్లండు దేశస్థుడు 1783లో కుంపిణీ సైన్యములో చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. ఆయన వృత్తి భూముల సర్వే. కాని కొలతగొలుసుతోపాటు ఊరూరి వృత్తాంతములను కూడ సేకరింపవలెనను కోరిక ఆయనకు కలిగెను. దేశభాషలు ఆయనకు రావు. ఆ లోటును తీర్చినవారు మన తెలుగువారు, ఏలూరి సీమకు చెందిన కావలి సోదరులు. అందు వెంకట బొర్రయ్య శిలాశాసనములను చదువుటలో నేర్పరి. ఆయన యౌవనములోనే, 1803లో, మరణించెను. ఆ పనిని ఆయన సోదరుడు వెంకట లక్ష్మయ్య పైకెత్తుకొనెను.

వీరును, వీరి క్రింది గుమాస్తాలును ఊరూర తిరిగి కరణములను కలిసికొనిరి. పాత కవిలెలను విప్పించిరి. ఊరి పుట్టుక, దేవాలయములు, చెరువులు, మాన్యములు, ఏలిన ప్రభువుల వరుస, పొలిమేరలు, ఇవి యన్నియు వ్రాయించిరి. వచ్చినవారు సర్వే దొర పంపిన మనుష్యులు. కావున శిస్తు పెంచుటకో, మాన్యము తీసివేయుటకో వచ్చిరని ఊరివారు శంకించుట సహజము. అట్టి శంకను మాటలతో మాన్పి, ఇండ్లలోని కవిలెకట్టలను దింపించుటయే ఆ సోదరుల గొప్పతనము.

మెకంజీ 1815లో భారతదేశమునకంతటికి సర్వేయరు జనరలయ్యెను, 1821లో మరణించెను. ఆయన సేకరణ నంతను కుంపిణీవారు ఆయన భార్యనుండి 10,000 పౌనులకు కొనిరి. విల్సను పండితుడు 1828లో ప్రకటించిన పట్టికను బట్టి అందులో స్థానిక వృత్తాంతములు 2,070, శాసనముల ప్రతులు 8,076 ఉండెను. ఆ వ్రాతలలో కొన్ని లండను చేరినవి, దక్షిణభాషలవి తిరిగి చెన్నపట్టణమునకు వచ్చినవి. కాగితము చివికి, సిరా వెలిసిపోవుచున్న కాలమున సి.పి. బ్రౌను దొర పూనుకొని వానిలో పెక్కింటికి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన చేయింపకున్న ఎన్నో ఊళ్ల కథలు చెదపురుగుల పాలయ్యెడివి.

ఇంతవరకు ఇది మేలైన కథయే. కాని ఇందులో రెండు అన్యాయములు కలవు. మొదటిది లక్ష్మయ్యకు జరిగినది. మెకంజీ పోయిన తరువాత ఆ పనిని తానే నడిపెదనని ఆయన ప్రభుత్వమును కోరెను. ఊళ్లు, కరణములు, శాసనములు, భాషలు అన్నియు ఎరిగినవాడాయన. ఐనను 1830ల దశకమున కలకత్తాలోని పండితసభవారు, సేకరించుటకు ఆయన చాలునుగాని విమర్శించి చరిత్ర నిర్మించుటకు చాలడని తీర్పుచెప్పిరి. ఆ వ్రాతలను పరిశీలించు పని విలియం టేలరు అను ఫాదిరీకి దక్కెను. చెప్పువాడు ఒకడు, చరిత్రకారుడు వేరొకడు అను భేదము ఆనాడే అట్లు స్థిరపడినది.

రెండవ అన్యాయము ఊరికి జరిగినది. తన కవిలెను విప్పి చెప్పిన కరణమునకు, ఆ యూరికి, ఒక ప్రతి మిగులలేదు. కాలక్రమమున ఇంటి కవిలెలు జీర్ణించిపోయినవి. ఊరి చరిత్ర పట్టణపు బీరువాలో నుండెను, ఊరిలో లేకపోయెను. ఇటీవల ఈ శతాబ్దమున కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమువారు ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటములుగా అచ్చువేసిరి. అనగా ఊరు చెప్పిన మాట ఊరికి తిరిగివచ్చుటకు సుమారు రెండువందల యేండ్లు పట్టినది. నా నోటుపుస్తకము పెట్టెలో పండ్రెండేండ్లే యున్నదని నేను గర్వింపగలనా?

ఇక విశ్వవిద్యాలయముల సంగతి. చిరకాలము వానిలో చరిత్ర యనగా శాసనము, తాటియాకు, దస్తావేజు. నిరక్షరాస్యుని నోటిమాట సాక్ష్యముగా చెల్లెడిది కాదు. ఆ కట్టును సడలించినవారిలో బిరుదురాజు రామరాజుగారు ముఖ్యులు. వారు 1925లో వరంగల్లు జిల్లాలోని దేవనూరున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పరిశోధన చేయునప్పుడు వారు ఎంచుకొన్న విషయము పల్లెపదములు. నాట్లు వేయు స్త్రీలు, దంపు దంచువారు, జోల పాడు తల్లులు వారికి గురువులైరి. 1956లో ఆ పరిశోధనకు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నిచ్చినది. "తెలుగు జానపద గేయసాహిత్యము" అను ఆ గ్రంథము 1958లో అచ్చయినది. పొలము గట్టున పుట్టిన పాట పండితసభలో పీటవేసికొని కూర్చుండుట తెలుగుదేశమున పెద్దమార్పు. వారి వెనుక ఎందరో శిష్యులు పల్లెలకు నడచిరి.

పాట దక్కినది, మరి చరిత్ర? 1986లో హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటనవారు "మనకు తెలియని మన చరిత్ర" అను గ్రంథమును ప్రకటించిరి. 1946 మొదలు 1951 వరకు నడచిన తెలంగాణ సాయుధపోరాటమును గూర్చి అప్పటికే పుస్తకములు లేకపోలేదు. కాని అందు పాల్గొన్న స్త్రీలను కలిసికొని, వారి మాటను వారి పలుకుబడిలోనే వ్రాసినది ఈ గ్రంథము. అడవిలో దళముతో తిరుగుటకై కన్నబిడ్డను పరులకు అప్పగించిన తల్లి అందు మాటాడినది. పోరాటము ముగిసిన తరువాత "ఇక ఇంటికి పొండు" అనిపించుకొన్న స్త్రీల మనోవ్యథ అందున్నది. నాయకులు వ్రాసిన చరిత్రలో ఈ మాటలు దొరకవు. వారు దాచిరని కాదు, వారిని ఎవరు నడిగినను వారికి తోచెడివి కావు. ఎవరిని అడుగుదుమో వారి చరిత్రయే మనకు దొరకును. అందువలన మీ యూరికి విద్యార్థి వచ్చినప్పుడు, "మా యింటి ఆడవారికేమి తెలియును? ఆ చాకలికేమి తెలియును?" అని దయచేసి త్రోసివేయకుడు.

చెప్పినది ఊరికి తిరిగి చేర్చుట సాధ్యమా యని మీరడుగవచ్చును. ఐర్లండు మన జిల్లాలు కొన్ని కలిపినంత దేశము. అక్కడ 1937లో ప్రారంభించి సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలచేత ఒక పని చేయించిరి. పిల్లలు ఇంటికి పోయి తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి, ఊరి కథలు, మందులు, ఆటలు, కరువు జ్ఞాపకములు నోటుపుస్తకములలో వ్రాసిరి. వ్రాసిన పిల్లలు 50,000 మందికి పైబడుదురు. ఆ పుస్తకములు నేడు డబ్లిను నగరములోని విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రముగా నున్నవి. అంతటితో ఆగక వాని ప్రతులను ఎవరైనను తమ యింటనుండియే చదువుకొనునట్లు ఇంటర్నెట్టులో ఉంచిరి. పాత చేవ్రాతను చదివి తిరిగి వ్రాయు పనిలో సామాన్యజనులును పాల్గొనుచున్నారు. తన ముత్తవ్వ చెప్పిన మాటను ఆమె మునిమనుమడు చదువగలడు. ఈ యేర్పాటులో గొప్ప రహస్యమేమియు లేదు. అడిగినవాడు ఇంటిబిడ్డ, దాచినది విద్యాలయము, తిరిగి పొందినది ఊరు.

ఇక మీ వంతు. విద్యార్థులు వచ్చినప్పుడు మీరు చేయగల మేలు చాల కలదు. వారికి సంవత్సరములు తెలియును, మీకు గుర్తులు తెలియును. రెండును కలిసిననే చరిత్ర. "ధాత కరువు నాటికి మా ముత్తాత పసివాడు" అని మీరనిన, ధాత సంవత్సరము 1876లో వచ్చెనని విద్యార్థి లెక్కకట్టును. "నందన కరువులో మా వారు గుంటూరు సీమ విడిచి వచ్చిరి" అనిన అది 1832, 33 నాటి మాట యగును. మీరు గుర్తు చెప్పకున్న అతని తేదీ ఒట్టి అంకె, అతడు తేదీ చెప్పకున్న మీ గుర్తు మీతోనే పోవును.

కాని మీరు అడుగవలసినవియు కలవు. వ్రాసికొన్నదానిని వెళ్లుటకు ముందు మాకు చదివి వినిపింపుమని అడుగుడు. చెప్పినవారి పేరు వారి సమ్మతితో వ్రాయుమని అడుగుడు. ఒక ప్రతి ఊరి బడిలోనో గ్రంథాలయములోనో ఉంచుమని అడుగుడు. బయటపెట్టదగని ఇంటిగుట్టు, పరువు సంగతి ఏదైన నోరుజారి వచ్చిన కొట్టివేయుమని చెప్పు హక్కును మీకున్నది. ఇవి అడుగుట అమర్యాద కాదు. మీరు భిక్ష పెట్టువారును కారు, అతడు భిక్షకుడును కాడు. ఇరువురును ఒక పనిలో పాలివారు.

ఇప్పుడు నా పల్లె కథ ముగించెదను. ఇంటికి వచ్చి పెట్టె వెదకి నోటుపుస్తకమును పైకి తీసితిని. మరుసటి మాసమున ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ యూరికి పోతిని. రచ్చకట్టమీద ఇరుపల్లెల పెద్దలును కూడిరి. వృద్ధుడు చెప్పిన లెక్కను చదివి వినిపించితిని. దానితో తగవు తీరునని నా యాశ. తీరలేదు సరిగదా, దిగువపల్లె పెద్ద యొకడు లేచి, "ఇది ఎగువపల్లె మాట. మా మాట నువ్వు అడగనే లేదే" అనెను. నిజమే. ఆ మూడు దినములలో నేను దిగువపల్లెకు పోనేలేదు. ఒక నోట విన్నదానిని ఊరి చరిత్ర యనుకొంటిని.

మరియొక తప్పును కూడ బయటపడినది. చెరువును ప్రభువు కట్టించెనని వ్రాసియుంటిని. ఒక ముదుసలి యది విని నవ్వి, "దొర మాన్యమిచ్చినాడు, కట్ట కట్టింది ఒడ్డెలు. మా అవ్వ ఆ తట్టలు మోసినోళ్ల కూతురు" అనినది. కట్టను కాపాడువారికై ఇచ్చిన దశబంధ మాన్యము సంగతి నేను వ్రాసితిని, కట్ట మోసినవారి సంగతి వ్రాయలేదు.

నా విద్యార్థులు వారము దినములు ఆ రెండు పల్లెలలోను ఉండిరి. ఎగువవారి మాట ఒక ప్రక్కను, దిగువవారి మాట ఒక ప్రక్కను వ్రాసిరి. ఒడ్డెల యిండ్లకును పోయిరి. రెండు మాటలును కలిసిన చోట్లు పది యుండెను, విడిపోయిన చోట్లు మూడే యుండెను. ఆ సంగతి చదివి వినిపించిననాడు సభలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట ఆ మూడింటిని గూర్చి మాత్రమే వాదము నడచినది. ఆ యేటి వంతును పెద్దలు తామే తేల్చుకొనిరి. ఆ తీర్పు వారిది, నాది కాదు. వ్రాతప్రతి యొకటి ఊరి బడి బీరువాలో నున్నది. నీరుగంటి మనుమడు దాని తాళపుచెవి నడిగి తీసికొనెను.

మీ యూరికి రేపు ఎవడైన కుర్రవాడు కాగితము, కలము పట్టుకొనియో, మాటను పట్టు యంత్రము పట్టుకొనియో వచ్చిన, అతనికి మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుడు. తెలిసినది చెప్పుడు. ఆ తరువాత నా నీరుగంటి మనుమడు నన్నడిగిన ప్రశ్ననే మీరు ముందుగా అతనిని అడుగుడు. వాడు సరియైన సమాధానము చెప్పగలిగినచో మీ మాట వాని చేతిలో క్షేమముగా నుండును.

సెలవు.