జడ్జీల మీద కాపలా: మన హైకోర్టుకు పాతికేళ్లు

రజతోత్సవ సంచికకు జార్ఖండ్ హైకోర్టు మీద ఒక వ్యాసం రాసిమ్మని మన తెలుగు సంఘం కార్యవర్గం అడిగింది. హైకోర్టు అనగానే అందరికీ తీర్పులు గుర్తొస్తాయి. వాటి గురించి రాయడానికి రాంచీలో పెద్ద వకీళ్లు చాలామంది ఉన్నారు. జంషెడ్‌పూర్ మాంగోలోని డిమ్నా రోడ్డు నుంచి వంతెన దాటి సాక్చీ కోర్టుకు వెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చే నాబోటి వాడికి తెలిసిన హైకోర్టు వేరు. మా జిల్లా జడ్జీల నడవడిని కనిపెట్టి ఉండే హైకోర్టు అది. ఈ నాలుగు మాటలూ దాని గురించే.

1972 మార్చి 6న పాట్నా హైకోర్టు సర్క్యూట్ బెంచి రాంచీకి వచ్చింది. 1976 ఏప్రిల్ 8న అది శాశ్వత బెంచి అయింది. ఆ తర్వాత పాతికేళ్లు మన అప్పీళ్లన్నీ అక్కడే నలిగాయి. 2000 నవంబర్ 15న, బిర్సా ముండా పుట్టినరోజున, రాష్ట్రంతోపాటే జార్ఖండ్ హైకోర్టు కూడా పుట్టింది. డోరండాలో మొదలై, 2023 మే 24న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ధుర్వాలో 165 ఎకరాల కొత్త ప్రాంగణానికి చేరింది. భవనం గొప్పగా ఉంది. మాంగో బస్టాండులో బస్సెక్కి తమాడ్, బుండు దాటి అక్కడికి చేరే హైవే మాత్రం ఏళ్ల తరబడి ఎంత అధ్వాన్నంగా ఉండేదంటే, చివరికి ఆ రోడ్డు సంగతి కూడా హైకోర్టే పట్టించుకోవలసి వచ్చింది.

ఇక కాపలా సంగతి. కింది కోర్టుల మీద అదుపు రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది. జిల్లా జడ్జిని నియమించే ఉత్తర్వు మీదా, తీసేసే ఉత్తర్వు మీదా గవర్నరు సంతకమే ఉంటుంది, కానీ విచారణ జరిపేదీ, సిఫారసు పంపేదీ హైకోర్టు. 1974లో శంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఈ మాట మీద గట్టిగా నిలబడింది. పంజాబ్ హైకోర్టు తన కింది జడ్జి మీద విచారణను ప్రభుత్వ విజిలెన్సుకు అప్పగించడం తప్పని, తన ఇంటిని తానే చక్కదిద్దుకోవాలని చెప్పింది. అందుకే ఈ పనికి విడిగా బోర్డు కట్టుకున్న ఆఫీసు లేదు. హైకోర్టులో విజిలెన్సు రిజిస్ట్రారు ఉంటారు. జిల్లాకొక హైకోర్టు జడ్జి పర్యవేక్షకుడిగా ఉంటారు. వాళ్లందరికీ పెద్ద ప్రధాన న్యాయమూర్తి.

ఈ వ్యవస్థ గుండెకాయ ఒక కాగితం. ఏటా ప్రతి జడ్జి గురించీ రాసే గోప్య నివేదిక అది. ఎన్ని కేసులు తేల్చాడు, తీర్పు ఎలా రాస్తాడు, వకీళ్లతో ఎలా మెలుగుతాడు అన్న గళ్ల మధ్య నిజాయితీకి ఒక గడి ఉంటుంది. మిగతా గళ్లలో పేరాలు రాయొచ్చు. ఇందులో మాత్రం 'సందేహం లేదు' అన్న ఒక్క మాట పడాలి. ఆ మాట పడకపోతే ప్రమోషను ఆగుతుంది. యాభై, యాభై అయిదు, యాభై ఎనిమిదేళ్ల దగ్గర జరిగే సమీక్షల్లో ఉద్యోగమే పోవచ్చు. కానీ సందేహం ఉన్న చోట ఆ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలి! ఆధారం లేకుండా రాస్తే అన్యాయం. ఆధారం దొరికేదాకా ఆగితే ఆ జడ్జి ఈలోపు మూడు జిల్లాలు మారిపోతాడు.

నాకు ఈ విషయాలన్నీ నేర్పింది మా సీనియరు. టెక్కలి వైపు మనిషి, చాయిబాసాలో ప్రాక్టీసు మొదలుపెట్టి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డారు. పేరు రాయొద్దని బతికుండగానే ఆజ్ఞ వేశారు కనుక రాయడం లేదు. కేసు పని లేకుండా జడ్జిగారి ఛాంబరు గడప తొక్కేవారు కాదు. ఒక జడ్జిగారింట పెళ్లికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. అక్షింతలు వేశారు, నమస్కారం పెట్టారు, తిరుగుముఖం పట్టారు. విస్తళ్లు వేస్తున్నారు, కూర్చోండి బాబూ అని పెళ్లివారు చెయ్యి పట్టుకుంటే, కడుపు బాగోలేదన్నారు. బయటికొచ్చాక సాక్చీ బజారులో ఇద్దరం వేడివేడి కచోరీలు తిన్నాం. నాకు ఆకలి కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. రేపు కోర్టులో మనం ఓడితే ఫరవాలేదురా, గెలిస్తే ఈ భోజనం అందరికీ గుర్తొస్తుంది అన్నారు.

ఆయన మాటే తర్వాత నియమావళిగా వచ్చిందని నేను సరదాగా అంటుంటాను. 1997 మే 7న సుప్రీంకోర్టు జడ్జీలంతా కూర్చుని, జడ్జి నడవడి ఎలా ఉండాలో పదహారు సూత్రాలుగా ఆమోదించారు. వకీళ్లతో అతి చనువు కూడదు, సొంతవాళ్లు, స్నేహితుల నుంచి తప్ప కానుకలూ ఆతిథ్యాలూ తీసుకోకూడదు అన్నవి అందులో ఉన్నాయి. దాని వెనక ఒక చేదు అనుభవం ఉంది. 1993 మే 11న సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి. రామస్వామి మీద అభిశంసన తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. అనుకూలంగా 196 ఓట్లు పడ్డాయి, 205 మంది ఎటూ ఓటెయ్యలేదు. పార్లమెంటు తలుపు అంత బరువైందని తేలాక, ఇంట్లోనే ఒక దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఆ దారి వేసినవాళ్లలో మనవాళ్లున్నారని ఇక్కడ గర్వంగా చెప్పుకోవాలి. 1995లో రవిచంద్రన్ అయ్యర్ కేసులో, పెద్ద జడ్జీల తప్పు నడతను తోటి జడ్జీలే అంతర్గతంగా విచారించాలన్న తీర్పు రాసింది ఆంధ్ర హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. 1999 డిసెంబరులో ఆ పద్ధతి అమల్లోకి వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ ఎం. జగన్నాధరావు కేరళ, ఢిల్లీ హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా, ఆపైన సుప్రీంకోర్టు జడ్జిగా పనిచేసి, లా కమిషన్ అధ్యక్షులయ్యారు. 2006 జనవరిలో ఆయన ఇచ్చిన 195వ నివేదిక జాతీయ న్యాయ మండలి పెట్టమంది. భారత ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సుప్రీంకోర్టు జడ్జీలు, ఇద్దరు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులు అందులో ఉండాలి. ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. పదవి నుంచి తీసేయడం ఒక్కటే శిక్ష కాదు, హెచ్చరిక, మందలింపు, పని అప్పగించకపోవడం కూడా ఉండాలి. ఆ ఏడాది చివర్లో బిల్లు సభకొచ్చింది, 2009లో సభతోపాటే రద్దయింది. తర్వాత 2010లో మరో బిల్లు వచ్చింది. 2012లో లోక్‌సభ దాటి, 2014లో అదీ మురిగిపోయింది.

ఇప్పుడు మన రాంచీ ప్రధాన న్యాయమూర్తుల సంగతి. జస్టిస్ వి.కె. గుప్తాతో మొదలుపెట్టి బాలసుబ్రహ్మణ్యన్, అల్తమస్ కబీర్, దినకర్, కర్పగ వినాయగం, జ్ఞాన్ సుధా మిశ్రా, భగవతీ ప్రసాద్, ప్రకాశ్ టాటియా, భానుమతి, వీరేందర్ సింగ్, ప్రదీప్ కుమార్ మొహంతి, అనిరుద్ధ బోస్, రవి రంజన్, సంజయ కుమార్ మిశ్రా, సారంగి, రామచంద్రరావు, తర్లోక్ సింగ్ చౌహాన్. పాతికేళ్లలో పదిహేడు మంది. సారంగిగారు 2024 జులై 5న వచ్చి 19న పదవీ విరమణ చేశారు. అన్ని రోజుల్లో ఎన్ని గోప్య నివేదికలు చదవగలరు? నా ఫిర్యాదు వ్యక్తుల మీద కాదు. ఇంత పెద్ద కాపలాకు పెద్దగా ఉండేవాళ్లను దారినపోయే బాటసారుల్లా పంపడం మీద.

అందరిలోకీ మన ఇళ్లల్లో ఎక్కువగా చెప్పుకున్నది జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు గురించి. హైదరాబాదువారు, 195వ నివేదిక ఇచ్చిన జగన్నాధరావుగారి కుమారులు. 2024 సెప్టెంబర్ 25న ప్రమాణం చేశారు. తండ్రి కాగితం మీద గీసిన కాపలా పనిని కొడుకు మన రాష్ట్రంలో కుర్చీలో కూర్చుని చేస్తున్నారంటే మాకు ఆనందం కాదా? పదినెలలు తిరగకుండానే, 2025 జులైలో, త్రిపురకు బదిలీ చేశారు.

ఆయన రాంచీలో ఉండగా మన సంఘం పెద్దలు శాలువా, వెండి జ్ఞాపిక పట్టుకుని వెళ్దామన్నారు. కారు మాట్లాడారు కూడా. నేను వద్దన్నాను. ఆ బృందంలో ముగ్గురం వకీళ్లం. ఒకరికి హైకోర్టులో అప్పీలు ఉంది. ఆ శాలువా ఫోటో ఎక్కడెక్కడ తేలుతుందో నాకు తెలుసు. తెలుగువాడు వస్తే తెలుగువాళ్లు పలకరించకూడదా అని ఒక పెద్దాయన నాతో మాట్లాడటం మానేశారు. ఈ సంచిక చదివైనా మెత్తబడతారని ఆశ.

కష్టకాలం గురించి చెప్పకపోతే చరిత్ర కాదు. 2021 జులై 28 తెల్లవారుజామున ధన్‌బాద్‌లో అదనపు జిల్లా జడ్జి ఉత్తమ్ ఆనంద్ నడకకు వెళ్తుంటే, ఖాళీ రోడ్డు మీద ఒక ఆటో పక్కకు తిరిగొచ్చి మరీ ఢీకొట్టింది. ఆ సీసీటీవీ దృశ్యం చూడని వకీలు రాష్ట్రంలో లేడు. మా బారులో ఆ రోజు వాదనలు ఎవరికీ నోట రాలేదు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని దర్యాప్తును వెంటాడింది, సీబీఐ వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2022 జులై 28న, ఆటోలోని ఇద్దరూ దోషులని తేలి, ఆగస్టు 6న జీవితఖైదు పడింది. ఎందుకు చంపారన్న దగ్గర మాత్రం సీబీఐ చార్జిషీటు హైకోర్టుకు తృప్తినివ్వలేదు. మాకూ ఇవ్వలేదు. జడ్జి తప్పు చేస్తున్నాడా అని కనిపెట్టే కుర్చీయే, తెల్లవారి నడకకు వెళ్లిన జడ్జి ప్రాణానికీ పూచీ పడాలని ఆ ఏడాది తెలిసింది. దానికి నెల ముందే రాష్ట్ర లోకాయుక్త జస్టిస్ డి.ఎన్. ఉపాధ్యాయ పదవిలో ఉండగానే చనిపోయారు. జడ్జీలు లోకాయుక్త పరిధిలోకి రారనుకోండి. అయినా ఆఫీసర్ల మీద ఫిర్యాదుకు ఉన్న ఆ గుమ్మమూ తర్వాత ఏళ్ల తరబడి భర్తీ కాకుండా ఉండిపోయింది.

 

మాంగో నుంచి నా దగ్గరికొచ్చి జడ్జి మీద ఫిర్యాదు ఎలా పెట్టాలని అడిగేవాళ్లు ఉన్నారు. తీర్పు నచ్చకపోతే అది అప్పీలు, ఫిర్యాదు కాదు. నడవడి మీదైతే హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ పేర రాయాలి. 2014 నుంచి ప్రమాణపత్రం జతచేయాలి, సరిచూసుకోదగ్గ ఆధారం ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలు చెల్లవు. కేసు అదే జడ్జి ముందుండగా ప్రమాణపత్రం మీద సంతకం పెట్టడానికి ఎవరు ముందుకొస్తారన్నది నా పాత గొడవ. రాసిపెట్టడానికి వకీళ్లు వెనకాడతారు, నేనూ వెనకాడిన సందర్భాలున్నాయి. స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.