మాట వెనుక కథ: పిండం

తద్దినంనాడు పెట్టే అన్నపు ముద్ద పిండమే, కడుపున పడ్డ తొలి రూపూ పిండమే. ఈ సంస్కృతపు మాటకు మూలార్థం ముద్ద. మట్టి ముద్ద మృత్పిండం. మూత్రపిండంలో ఉన్నదీ ఇదే.

చాళుక్యుల కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య రాశాడు. పితరులకు పెట్టే పిండంతో కలిసినవాళ్లే సపిండులని వంగదేశపు జీమూతవాహనుడు అంటే, ఒకే దేహపు అంశలు పంచుకున్నవాళ్లని విజ్ఞానేశ్వరుడు చెప్పాడు. ఆయనకు పిండమంటే శరీరం. 1955 హిందూ వివాహ చట్టంలోనూ సపిండులున్నారు.

ఇప్పుడీ మాట ప్రయోగశాలకు చేరింది. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ 53 రోజులు అతిశీతలంలో దాచిన పిండం నుంచి 1978 అక్టోబరు 3న దుర్గ అనే పాప పుట్టింది. బతికుండగా ఆయన మాట నమ్మినవాళ్లు తక్కువ. అది మన సిగ్గు. నేడు అండాలనూ పిండాలనూ మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. నీరు మంచు పలుకులైతే కణం చీలుతుంది. అందుకే రక్షక ద్రావణంలో ముంచి, గాజులా గట్టిపడేంత వేగంగా చల్లబరుస్తారు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం మనుషుల పిండాల నిల్వకు పదేళ్ల గడువు పెట్టింది. మనుషులవే కాదు, హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణుల వీర్యం, కణజాలం కూడా ఇలా దాస్తోంది.

పిండం అనగానే కర్మలు తలచుకుని నొచ్చుకునేవాళ్లున్నారు. నొచ్చుకోనక్కర్లేదు. క్యాన్సర్ చికిత్సకు వెళ్లేముందు పిండం దాచుకునే అమ్మాయికి ‘ఘనీభవించిన భ్రూణం’ కన్నా ‘దాచిన పిండం’ అంటేనే విషయం సూటిగా తెలుస్తుంది. డాక్టర్లు ఈ మాటనే వాడాలి.